గాజు పెట్టెలో చేతులు

మా అమ్మాయి పోయింది. వానలు పడుతున్న రోజుల్లో, తెనాలి ఆసుపత్రిలో, పట్టపగలు. డాక్టరమ్మ తలుపు తీసుకుని బయటికి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. ఇంకేమీ చెప్పలేదు. ఆ చెయ్యి బరువుకే నాకు తెలిసిపోయింది. మా ఆయన మందుల చీటీ పట్టుకుని కిందికి వెళ్ళాడు, ఇంకా రాలేదు. ఆయన మెట్లెక్కి వస్తే, ఆ మందులు ఇంక అక్కర్లేదని ఎట్లా చెప్పాలా అని భయం వేసింది. అప్పటి భయం ఇప్పటికీ నన్ను వదల్లేదు. పిల్లే పోయాక ఇంకా దేనికి భయం అని మీరు అడగొచ్చు. అది చెబుదామనే రాస్తున్నాను.

నేను ఏడో తరగతి దాకా చదివాను. రేపల్లెలో బియ్యం మిల్లులో చాలా ఏళ్ళు చెరిగే పని చేశాను. మా అమ్మాయి కోసం పెట్టిన ఆదరణ కూడికలో నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను గానీ నోరు పెగల్లేదు. మా చర్చి అయ్యగారు వచ్చి, "ఫర్వాలేదమ్మా, కూర్చోండి. చెప్పలేకపోతే రాసివ్వండి, సంఘం పత్రికలో వేద్దాం" అన్నారు. మా అమ్మాయి ఉంటే దిద్దిపెట్టేది. ఇప్పుడు ఎట్లా వస్తే అట్లా రాస్తున్నాను.

ఆమె ఏం పని చేసేదో మీలో కొందరికి తెలుసు. సూర్యుడి చుట్టూ మన భూమి తిరిగినట్టే కొండలంత రాళ్ళు కూడా తిరుగుతుంటాయట. గ్రహశకలాలు అంటారు. పరాయి దేశం వాళ్ళు ఒక నౌకను పంపి, అట్లాంటి ఒక కొండ మీద గుప్పెడు మట్టి తీయించి, డబ్బాలో పెట్టి భూమి మీదికి దించుకున్నారు. అందులోంచి కొన్ని నలుసులు, చూసి మళ్ళీ ఇచ్చెయ్యమని, ఉత్తరాదిన మా అమ్మాయి పని చేసే ల్యాబుకు అరువిచ్చారు. నల్ల నువ్వుగింజలో సగం కూడా ఉండవు. వాటి కోసమే ఆమె తిండీ నిద్రా మానుకుంది.

అందుకే ఆమె పోయిన రోజు నుంచి మా వీధిలో ఒకటే మాట. ఆకాశం రాయిని ముట్టుకుంది, అదే ఆమెను తీసుకుపోయింది అని. చాలామంది నా వెనక అన్నారు. పక్కింటి పిన్ని మాత్రం నా మొహం మీదే అంది.

"పైన ఉండాల్సినదాన్ని కిందికి తెస్తే ఊరుకుంటదా అమ్మాయ్? దాని చోటు అది వెతుక్కుంటది."

"డాక్టర్లు డెంగీ అన్నారు పిన్నీ."

"డాక్టర్లు ఏదో ఒక పేరు పెట్టాలిగా మరి."

ఆ మాట రైలెక్కి తెనాలి దాకా పోయింది. తెనాలిలో మా ఆడపడుచు ఉంటుంది. ఆమె కూతురు బాపట్లలో చదువుకుంది. చిన్నప్పటి నుంచి మా అమ్మాయి వెనకాలే "వదినా వదినా" అంటూ తిరిగిన పిల్ల. పుస్తకాలన్నీ మా అమ్మాయివే. ఇప్పుడు ఆ పిల్లకు కూడా అదే ల్యాబులో సీటు వచ్చింది. ఇంకా ఆదరణ కూడిక పందిరి తియ్యకముందే మా ఆడపడుచు నన్ను దొడ్లోకి తీసుకుపోయింది.

"వదినా, ఇప్పుడు అడగకూడదు. కానీ నిన్ను కాక ఎవర్ని అడగను? నువ్వు పంపమంటే పంపుతా. వద్దంటే ఇవాళే ఫోన్ చేయించి రావట్లేదని చెప్పిస్తా. నాలుగు రోజులు ఏడుస్తది. ఏడవనీ. పిల్ల బతికుంటే చాలు నాకు."

ఆమె నా మొహం తన వైపు తిప్పుకుంది.

"నీ పిల్లని ఆ రాయే తిందా వదినా?"

వచ్చే ఆదివారం తెనాలి వచ్చి చెబుతానన్నాను. వెళ్ళమంటే, రేపు ఆ పిల్లకు ఏదన్నా అయితే? వద్దంటే, మా అమ్మాయి చేసిన పనంతా చేటు పని అని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టు కాదా? ఆ నాలుగు రోజులూ మా అమ్మాయివి ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి.

మా అమ్మాయి నెలలు నిండకుండా పుట్టింది. అదే తెనాలిలో. అరచేతిలో పట్టేంత ఉంది, ఎర్రగా, ఎలుకపిల్లలాగా. నా పక్కలో పడుకోబెట్టలేదు. గాజు పెట్టెలో పెట్టారు. ఆ పెట్టెకు పక్కన రెండు గుండ్రటి కంతలు. తల్లి చెయ్యి తగిలితే పిల్ల కోలుకుంటుందని రోజూ కాసేపు ఆ కంతల్లోంచి చేతులు పెట్టనిచ్చేవాళ్ళు. నా గోళ్ళల్లో మిల్లు తవుడు ఎప్పుడూ ఉండేది. అక్కడి నర్సమ్మ గట్టిది.

"మోచేతుల దాకా కడిగావా?"

"కడిగానమ్మా."

"నాకెందుకు చెప్తావు, ఆ పెట్టెలో దానికి చెప్పు. నీ చేతి మీది మురికి నిన్నేం చెయ్యదు. దాన్ని చంపిద్ది."

పిల్లకు నా వల్లే కీడు రావచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. అప్పటి నుంచి తోలు ఊడేలా కడుక్కునేదాన్ని. ఇంటికి తెచ్చాక మా అత్తగారు గడపలో పీట వేసుకుని కూర్చుంది. మా ఆయనైనా సరే, బయటి నుంచి వస్తే తొట్టి దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కుని, కాసేపు వసారాలో ఆగి, ఆ తర్వాతే లోపలికి. పురిటి బిడ్డ ఉన్న ఇల్లు ఎవరిదైనా అంతే కదండి. మా ఇంట్లో అది పిల్ల నడిచేదాకా సాగింది. చుట్టాలు మూతి ముడుచుకుని వెళ్ళిపోయారు.

దానివల్లనో ఏమో, మా అమ్మాయికి ఒక అలవాటు. ఏది ముట్టుకునే ముందైనా ఒకసారి తన అరచేతులు తిప్పి చూసుకునేది. జామకాయైనా, బైబిలైనా, చంటిపిల్లైనా. బడిలో పిల్లలు ఎగతాళి చేసేవాళ్ళు, "చేతిలో ఏం రాసుందే, కాపీ కొడుతున్నావా" అని. ఇంకొకటి. నేను చేట పట్టుకుని కూర్చుంటే పక్కన చేరి, బియ్యంలోంచి వచ్చిన మట్టిపెళ్ళలు, రాళ్ళు ఏరి అగ్గిపెట్టెలో వేసుకునేది. బాపట్ల కాలేజీలో చేరాక సముద్రం దగ్గరి ఇసక కూడా అగ్గిపెట్టెలో తెచ్చింది. "ఇది ఒకప్పుడు ఎక్కడో కొండ అమ్మా. నడుచుకుంటూ ఇక్కడిదాకా వచ్చింది" అనేది. పిచ్చిపిల్ల అనుకున్నాను. ఇల్లు ఊడ్చేటప్పుడు ఒక అగ్గిపెట్టె పారేసినందుకు నాతో సాయంత్రం దాకా మాట్లాడలేదు.

ఆ డబ్బా భూమి మీదికి దిగిన రోజు ఆమె సెలవులో మా దగ్గరే ఉంది. ఫోనును బియ్యం డ్రమ్ముకు ఆనించి చూస్తూ కూర్చుంది. తెర మీద నాకేమీ కనపడలేదు, ఉత్త ఆకాశం. టిఫిన్ పెడితే ముట్టలేదు. అట్టు ఎండిపోయింది.

"ఏంటమ్మా అంత కంగారు?"

"గొడుగు విచ్చుకోవాలమ్మా."

"ఏం గొడుగు?"

"అంత పైనుంచి మండుకుంటూ వస్తది. గొడుగు విచ్చుకుంటేనే మెల్లగా దిగిద్ది. లేకపోతే నేలకు కొట్టుకుని పగులుద్ది. అన్నేళ్ళు పోయి, అంత దూరం పోయి, తీరా ఇంటి గుమ్మంలోకి వచ్చాక పగిలిపోతే ఎట్లా?"

"నీదా ఏంటి అది?"

"ఇంకా కాదు. అందులో చిటికెడు నాకొస్తే చాలు."

నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది. నా పిల్ల భయపడటం నేను అప్పుడే చూశాను. పరీక్షలకు భయపడలేదు, ఒంటరిగా ఉత్తరాదికి వెళ్ళడానికి భయపడలేదు. ఎక్కడో ఎడారిలో పడబోయే డబ్బాకు వణికింది. తెర మీద చిన్న చుక్క కనపడింది, దాని మీద గొడుగు. పిల్ల రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చింది. మా ఆయన నవ్వాడు. "కాన్పు అయినట్టుందే" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. రాయి కోసం ఇంత ఏడ్చే పిల్ల ఏమైపోతుందా అనిపించింది.

ఆ తర్వాత వాళ్ళ ల్యాబుకు నలుసులు వచ్చాయి. అప్పుడొక పండక్కి ఇంటికి వస్తే ఆమె చెవులు బోసిగా ఉన్నాయి. మెళ్ళో గొలుసు లేదు. పౌడరు లేదు, తలకు కొబ్బరినూనె లేదు. పెళ్ళి కావాల్సిన పిల్ల.

"కమ్మలేవే?"

"పెట్టెలో ఉన్నాయమ్మా. పెట్టుకోకూడదు. ఆ రాయిలో పుట్టుకతోనే కాస్త బంగారం ఉంటది, కంటికి కనపడనంత. నా కమ్మ నుంచి అంత రాలిపడితే, ఏది దానిదో ఏది నాదో తెలియదు."

"ఇంటికొచ్చినప్పుడైనా పెట్టుకోవచ్చుగా. నలుగురూ ఏమనుకుంటారు?"

"పెట్టుకోవడం తియ్యడం అలవాటైతే ఏదో ఒకరోజు మర్చిపోతానమ్మా."

అప్పుడే ఫోనులో ఒక బొమ్మ చూపించింది. గాజు పెట్టె. పక్కన రెండు కంతలు, వాటికి నల్లటి రబ్బరు తొడుగులు. మా అమ్మాయి ఆ తొడుగుల్లో చేతులు పెట్టి లోపలికి వంగి చూస్తోంది. మన గాలి తగిలినా ఆ రాయి పాడవుతుందని లోపల వేరే గాలి నింపుతారట.

ఫోను ఆమె చేతిలో పెట్టేశాను.

"ఏంటమ్మా?"

"అట్లాంటి పెట్టెలోనే పడుకున్నావు నువ్వు."

ఫోనులో బొమ్మ మళ్ళీ చూసుకుంది. తర్వాత నవ్వింది. "అయితే నాకు అలవాటే" అంది. నా భయం చూసి నవ్వు ఆపి పక్కన కూర్చుంది. అప్పుడు చెప్పిన మాట ఇది. "అమ్మా, మనం ముట్టుకున్న ప్రతిదీ మనకు కొంచెం అంటుకుంటది. మనమూ దానికి కొంచెం అంటుకుంటాం. మొదటిదాని గురించి నువ్వు భయపడుతున్నావు. రెండోదాని గురించి నేను భయపడుతున్నా. ఆ రాయి నన్నేం చెయ్యదు. నేనే దాన్ని పాడుచేస్తానేమోనని చేతులు వణుకుతాయి నాకు."

నర్సమ్మ చెప్పిందీ అదేనని నాకు గుర్తొచ్చింది. అయినా భయం పోలేదు. ప్రతి ఆదివారం ప్రార్థనలో, ప్రభువా, ఆ రాయి నుంచి నా బిడ్డను కాపాడు అనే అడిగాను. ఇంకేదీ అడగలేదు.

ఆ నలుసుల్లో నీళ్ళ జాడ ఉందట. నీళ్ళు కాదు, ఎప్పుడో నీళ్ళు ఉండి పోయిన గుర్తు. కుండలో ఉప్పునీళ్ళు ఎండితే అడుగున చార మిగులుతుందే, అట్లాగ. మనం తాగే నీళ్ళలో కొన్ని అట్లాంటి రాళ్ళ మీదే వచ్చి ఉండొచ్చు, అది తెలుసుకోవడమే నా పని అని చెప్పేది. మా ఆయన, "రేపల్లెలో ఎక్కడ తవ్వినా నీళ్ళే, దానికి ఆకాశం దాకా పోవాలా" అని ఆట పట్టించేవాడు. "ఈ నీళ్ళ పుట్టిల్లు అడుగుతున్నా నాన్నా" అనేది.

పని అయ్యాక ఆ నలుసులు జాగ్రత్తగా వెనక్కి పంపేశారు. సెలవు పెట్టి ఇంటికి వచ్చింది. నేను ఎంత సంతోషించానో చెప్పలేను. రాయి వెళ్ళిపోయింది, పిల్ల నా దగ్గరికి వచ్చింది, ఇంక భయం లేదు. ఆ వారం నేను హాయిగా నిద్రపోయాను.

జ్వరం వచ్చింది. మా వీధిలో అప్పటికే నలుగురైదుగురికి ఉంది, వాళ్ళకు తగ్గింది. ఆమెకూ తగ్గినట్టే తగ్గింది. జ్వరం తగ్గాకే అసలు ప్రమాదమని డాక్టర్లు తర్వాత చెప్పారు. కడుపులో నొప్పి అంది, చిగుళ్ళ నుంచి రక్తం కనపడింది. ఆటోలో తెనాలి తీసుకుపోయాం. దారి పొడుగునా నా ఒళ్ళో తల పెట్టుకుంది. రక్తకణాలు పడిపోతున్నాయన్నారు, ఎక్కించారు, మళ్ళీ పడిపోయాయన్నారు. డాక్టర్లు చెయ్యాల్సింది చేశారు. వాళ్ళను నేనేమీ అనను.

స్పృహ ఉండగా నన్ను దగ్గరికి పిలిచింది. గొంతు ఎండిపోయి ఉంది.

"అమ్మా, వీధిలో రాయి అంటారు. నాకు తెలుసు."

"ఎవరూ ఏమీ అనరు, పడుకో తల్లీ."

"అంటారు. నువ్వు అనకు. దోమ అని చెప్పు. అంత దూరం నుంచి వచ్చిన రాయికి నా మీద ఏం కోపం?" నవ్వబోయింది. "నువ్వు చేతులు కడిగావా?"

కడిగానన్నాను. అప్పుడు చెయ్యి ఇచ్చింది.

రేపల్లె ఇంటికి తెచ్చాక, చుట్టాలు రావాలని అద్దెకు ఐస్ పెట్టె తెప్పించారు. అందరి ఇళ్ళల్లో పెట్టేదే, పైన గాజు మూత ఉండేది. వసారాలో పెట్టి ఆమెను అందులో పడుకోబెట్టారు. నేను ఏడవలేదు. లేచి దొడ్లోకి వెళ్ళి మోచేతుల దాకా చేతులు కడుక్కున్నాను. వచ్చి పెట్టె పక్కన కూర్చుని, చెయ్యి పెట్టే కంత ఎక్కడుందా అని తడిమాను. ఈ పక్క చూశాను, ఆ పక్క చూశాను. మా ఆడపడుచు నా చేతులు పట్టుకుని, "ఏం వెతుకుతున్నావు వదినా" అంది. ఏమని చెప్పను. ఆ పెట్టెకు కంతలు లేవు.

భూస్థాపన అయ్యాక మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి దోమల మందు కొట్టారు. మా ఇంటి వెనక ఎప్పుడో ఎవరో పడేసిన లారీ టైరు ఉంది. అందులో దోసెడు వాన నీళ్ళు, నీళ్ళల్లో పురుగులు. ఒకతను దాన్ని కాలితో బోర్లించాడు. అంతే, నీళ్ళు నేలలో ఇంకిపోయాయి. నా పిల్ల ఎక్కడెక్కడి నీళ్ళ గురించో వెతికింది. ఆమెను తీసుకుపోయిన నీళ్ళు మా పెరట్లోనే ఉన్నాయి.

ఆదివారం ఆరాధన అయ్యాక పాసింజరు ఎక్కి తెనాలి వెళ్ళాను. మా ఆడపడుచు నాకు మంచినీళ్ళిచ్చి ఎదురుగా కూర్చుంది. ఆ పిల్ల వంటింటి గుమ్మంలో నిలబడింది.

"డాక్టర్లు చెప్పింది నమ్మావా వదినా నువ్వు?"

"నమ్మిన రోజు ఉంది. నమ్మని రోజూ ఉంది."

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"రాయి అనుకుంటే తేలిక నాకు. అది వెనక్కి వెళ్ళిపోయింది, మళ్ళీ మన వీధికి రాదు. దోమైతే రేపు కూడా వస్తది. మీ ఇంటికీ వస్తది. అందుకే అందరూ రాయి అంటున్నారు. నేనూ అందాం అనుకున్నా. కానీ ఇన్నాళ్ళూ పైకి చూసి భయపడ్డా నేను. నా పక్కన ఏముందో చూళ్ళేదు."

"పంపమంటావా అయితే?"

ఆ పిల్ల నా వైపు చూడలేదు, తన అరచేతులు చూసుకుంటోంది. ఆ అలవాటు దీనికెప్పుడు అంటిందో.

"పంపు" అన్నాను.

"ఏదన్నా అయితే?"

"నన్ను తిట్టు. మా గుమ్మంలోకి వచ్చి తిట్టు."

"నీకు భయం లేదా వదినా?"

"నీకంటే ఎక్కువే ఉంది."

మా ఆడపడుచు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆ పిల్ల వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుంది. "అత్తా, కమ్మలు తియ్యొద్దంటది అమ్మ" అంది మెల్లగా. "తీసి మీ అమ్మకే ఇవ్వు. దాచమను" అన్నాను. అక్కడికక్కడే తీసింది. సంచిలోంచి నేను తెచ్చిన దోమతెర తీసి ఇచ్చాను. "ల్యాబుకు పోతూ దోమతెర ఏంటత్తా" అని నవ్వింది. మళ్ళీ నా మొహం చూసి, దాన్ని గుండెలకు హత్తుకుంది.

మొన్న ఆ పిల్ల వెళ్ళింది. తెనాలి స్టేషనుకు నేనూ వెళ్ళాను. కిటికీ పక్కన సీటు. వాళ్ళమ్మ జాగ్రత్తలు చెబుతూనే ఉంది, ఆ పిల్ల ఊ కొడుతూనే ఉంది. రైలు కూత వేసింది. నేను కిటికీ ఊచల మధ్యలోంచి రెండు చేతులూ లోపలికి పెట్టాను. ఆ పిల్ల ఒకసారి తన అరచేతులు చూసుకుని, నా చేతులు పట్టుకుంది. బండి కదిలింది. కాసేపు పక్కనే నడిచాను. ఊచలు మోచేతులకు ఒరుసుకుంటున్నా చేతులు బయటికి తీయలేకపోయాను. మా ఆడపడుచు నన్ను వెనక్కి లాగింది.

రేపల్లె పాసింజరులో కూర్చున్నాక చూసుకుంటే, చేతుల నిండా ఊచల తుప్పు, ఎర్రగా. ఎదుటి సీటామె నీళ్ళ మరచెంబు అందించి, "కడుక్కోండి అక్కా" అంది. తర్వాత కడుక్కుంటానన్నాను. రేపల్లె వచ్చేదాకా చేతులు ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని అట్లాగే కూర్చున్నాను.